ఏ గడపకైనా ఒకటే ధర

మల్లెమొగ్గ ఎప్పుడు విచ్చుకుంటుందో మా పేరంటాల లంకలో ఎవరినీ అడగక్కర్లేదు. మధ్యాహ్నం కోసిన మొగ్గ దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటుంది. గోదారి మధ్యన మట్టి దిబ్బ మీద మల్లెతోటలు వేసుకుని బతికేవాళ్ళం, మాకు వేరే గడియారం ఎందుకు?

అందుకే మా ఆయన తన ప్రయోగశాల బల్ల మీద మూడు పళ్ళేల్లో మూడు మొగ్గలు పెట్టి "చూడు" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఆయన పేరు పురుషోత్తం. భౌతికశాస్త్రంలో పెద్ద చదువులు చదివారు. గోదారి గట్టు మీద పాత బంగళాలో సమదూర సంస్థ వాళ్ళు పెట్టిన ప్రయోగశాలకి ఆయనే పెద్ద. చెయ్యి ఆగితే గానీ అన్నం గుర్తురాని మనిషి. మా కాపురం కూడా గట్టు మీదే కాబట్టి రోజూ నేనే క్యారేజీ పట్టుకెళ్ళి, ఎదురుగా కూర్చుని తినిపించి వచ్చేదాన్ని.

"ఇవన్నీ పొద్దున మీ చెల్లెలు తులసి పంపిన మొగ్గలే కుసుమా. ఒకే చెట్టువి, ఒకేసారి కోసినవి. ఒకదాన్ని ఏటి అవతలికి పంపి తెప్పించాను. ఒకదాన్ని హైదరాబాదుకి, ఒకదాన్ని ఢిల్లీకి."

ఏరు దాటి వచ్చిన మొగ్గ మొగ్గలాగే ఉంది. హైదరాబాదు వెళ్ళొచ్చింది వాడి గోధుమరంగుకి తిరిగింది. ఢిల్లీ వెళ్ళొచ్చింది నల్లగా ఎండి, ముట్టుకుంటే పొడై నా వేలికి అంటుకుంది.

పక్కనే ఆయన కనిపెట్టిన గడప ఉంది. చూడ్డానికి ఉత్త ద్వారబంధం. ఇటు నుంచి కాలెత్తి అటు వేస్తే ఢిల్లీలో ఉంటాం. చూసేవాళ్ళకి రెప్పపాటు. దాటే ప్రాణికి మాత్రం అంత దూరం నడిచి వెళితే ఎంత కాలం పడుతుందో అంత కాలమూ ఒంటి మీద గడిచిపోతుంది.

"దూరాన్ని మోసం చెయ్యలేకపోయాను. బండి ఎక్కకపోయినా కిరాయి మాత్రం తీసుకుంటోంది" అన్నారు ఆయన దిగులుగా.

"అయితే ఢిల్లీ వెళ్ళిరావడానికి నెలల ఆయుష్షు పోతుందా? ఎవడెక్కుతాడండీ దీన్ని?"

"ఎవడూ ఎక్కడు. పైవాళ్ళ గోలంతా అదే."

కొన్ని వారాల తర్వాత మళ్ళీ బల్ల దగ్గరికి రమ్మన్నారు. మళ్ళీ మూడు పళ్ళేలు, మూడు పూలు. ఈసారి మూడూ తెల్లగా విచ్చుకుని గదంతా గుప్పుమంటోంది. ఏది ఏటి అవతలిదో ఏది ఢిల్లీదో వాసన చూసినా తెలియదు. ఆయన ముఖం చూడాలి, పందెం గెలిచిన కుర్రాడి ముఖం.

"ఇక దగ్గరా లేదు, దూరమూ లేదు. గడపలన్నిటినీ కలిపేశాను. ఎవరు ఎక్కడికి దాటినా భారం అందరికీ సమానంగా పంచుతుంది. ఏ గడపకైనా ఒకటే ధర. ఆరు గంటలు."

"మరి ఏరు దాటిన మొగ్గ కూడా విచ్చుకుందేంటండీ? మొన్న విచ్చలేదుగా?"

"ఢిల్లీ మొగ్గ ఎండిపోకుండా దాని భారం ఇది కొంత పంచుకుంది."

"దీన్ని అడిగారా?"

ఆయన పడీపడీ నవ్వారు. "మొగ్గనా? ఓసి పిచ్చిదానా, మనిషికి ఆరు గంటలంటే ఒక పూట అలసట. కడుపునిండా తిని పడుకుంటే తీరిపోతుంది."

నాకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ అంత చదివిన మనిషి తీరిపోతుందంటే కాదనడానికి నా దగ్గరేముంది? క్యారేజీ సర్దుకుని ఇంటికొచ్చాను.

ఉగాది వెళ్ళిన వారానికి గడపలు తెరిచారు. దేశం మొత్తానికి ఆరే. ఢిల్లీ, బొంబాయి, హైదరాబాదు, విశాఖపట్నం, మా గోదారి గట్టు, పేరంటాల లంక. అంత పెద్ద ఊళ్ళ సరసన మా లంక పేరు చదివి మావాళ్ళు ఉబ్బితబ్బిబ్బయ్యారు. అల్లుడుగారి పలుకుబడి అన్నారు. గడప పైన పెద్ద బోర్డు పెట్టారు: ఎంత దూరమైనా రెండు రూపాయలే. ఆరు గంటల ముచ్చట ఆ బోర్డు మీద లేదు. కొద్దిపాటి నీరసం రావచ్చు అని మాత్రం కింద చిన్న అక్షరాలు.

పడవ కోసం రేవులో పడిగాపులు కాసే పని తప్పింది. మందుబిళ్ళకి ఒకసారి, మర్చిపోయిన కరివేపాకుకి ఒకసారి, ఊరికే సరదాకి ఇంకోసారి దాటేవాళ్ళు. బడిపిల్లలు దాటేవాళ్ళు. దాటిన ప్రతివాళ్ళకీ ఆకలి దంచేసేది. గట్టు మీద గడప పక్కనే ఇడ్లీ బండి పెట్టినవాడు నెల తిరక్కుండా రెండో బండి పెట్టాడు. పాలు తీసుకెళితే విరిగిపోతున్నాయని గొడవైతే, పాలూ చేపలూ తేకూడదని ఇంకో బోర్డు తగిలించారు.

పూల మీద మాత్రం ఎవరూ గొడవ చెయ్యలేదు. చెయ్యకపోగా మా లంక ఆడవాళ్ళు సంబరపడిపోయారు. మొగ్గ బుట్ట నెత్తిన పెట్టుకుని గడప దాటితే చాలు, అటు తేలేసరికి బుట్టెడు పూలు! సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. బస్సు దిగినవాళ్ళు విచ్చిన పూలు చూసి ఎగబడి కొనేవాళ్ళు. దాంతో ఒక బుట్ట అమ్మి, వెనక్కి దాటి, తోటలో ఇంకో బుట్ట కోసి, మళ్ళీ దాటేవాళ్ళు. మొగ్గలు పూయించడానికే గడప పెట్టారన్నట్టు తయారైంది మావాళ్ళ యవ్వారం.

అందరికంటే ఎక్కువ తిరిగింది మా తులసి. తులసి నా చెల్లెలు. అమ్మ పోయేనాటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు, నేనే పెంచాను. లంకలోనే పెళ్ళి చేశాం. మొగుడు నాగభూషణం సరుకు ఓడలో వంటవాడు, ఎక్కితే ఏడాది దాకా దిగడు. ఉగాదికి వచ్చి, గట్టిగా పది రోజులుండి, మళ్ళీ ఓడెక్కేశాడు. వెళ్ళేటప్పుడు ఏడ్చాడు కూడా. ఆ నెలే తులసి నీళ్ళోసుకుంది.

"ఇంటిపట్టున కూర్చోవే" అని నేనంటే, "బిడ్డొచ్చేలోగా చేతిలో నాలుగు డబ్బులుండాలి కదక్కా. అయినా నడకా పాడా? అడుగు తీసి అడుగెయ్యడవే కదా" అనేది. రోజుకి రెండు బుట్టలు. అంటే నాలుగు దాట్లు.

శ్రావణం వచ్చింది. గోదారికి ఎర్రనీళ్ళు తగిలాయి. ఒకరోజు పొద్దున్నే తులసి బట్టల సంచితో మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. పొట్ట కిందికి జారి ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి.

"ఏవైందే?"

"మా అత్త పొమ్మందక్కా."

ముందురోజు పొద్దున దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది అత్తగారు మాణిక్యమ్మే. డాక్టరమ్మ చూసి, నెలలు నిండాయి, ఇవాళో రేపో అందట. మాణిక్యమ్మ అక్కడే వరండాలో వేళ్ళ గణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఉగాది నుంచి శ్రావణానికి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఐదు గణుపులు నిండలేదు.

"నా కొడుకొచ్చి ఎల్లి ఐదు నెల్లు కాలేదు. ఈవిడగారికి తొమ్మిదీ ఎలా నిండేయమ్మా?" అని రేవులో నలుగుర్నీ పిలిచి అడిగిందట. సాయంత్రానికి ఓడకి ఫోను కూడా చేయించింది. నాగభూషణం, "ఆ మనిషి ఇంట్లో ఉంటే నేను ఓడ దిగను" అన్నాడట.

ముందు అన్నం పెట్టాను. అది తింటుంటే నా కళ్ళు నా మాట వినకుండా దాని పొట్ట మీదికి పోయాయి. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం...

"నువ్వూ లెక్కపెడతన్నావా అక్కా?" అంది తులసి.

చెంప మీద కొట్టినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాను. దాని తలలో పూలు సర్దబోయాను. ఉదయం ఎండలో తెల్లగా విచ్చి ఉన్నాయి.

"ఇంత పొద్దున్నే విచ్చాయేంటే ఇవి?"

"వచ్చేటప్పుడు తోటలో రెండు మొగ్గలు కోసి పెట్టుకున్నాను. గడప దాటితే విచ్చేత్తాయి కదక్కా."

నా చెయ్యి దాని తల మీదే ఉండిపోయింది. బల్ల మీది మూడు పళ్ళేలు కళ్ళముందుకొచ్చాయి. మొగ్గకి గడిచిన ఆరు గంటలు కడుపులో బిడ్డకి గడవలేదా? నాలుగు దాట్లకి ఒక రోజు. మా తులసి రోజుకి రెండేసి రోజులు బతికేసింది.

క్యారేజీ లేకుండా బంగళాకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆయన నా ముఖం చూసి కుర్చీలోంచి లేచారు.

"తులసికి నెలలు నిండాయి. ఎలా నిండాయో మీకు తెలుసు" అన్నాను.

ఆయన బల్ల మీది కాగితాలు సర్దబోయారు.

"నిద్రతో తీరిపోతుందన్నారు."

"అనుకున్నాను కుసుమా. తీరదని తర్వాత తెలిసింది. పైకి రాశాను. ఆపొద్దన్నారు."

"ఏరు నడిచి దాటగలిగితే అరగంట పట్టదు. మా నాన్న పడవ నడిపినన్నాళ్ళూ దగ్గర రేవుకి దగ్గర కిరాయి, దూరం రేవుకి దూరం కిరాయి తీసుకున్నాడు. ఒకరి కిరాయి ఇంకొకరి నెత్తిన రుద్దలేదు. అరగంట దూరానికి ఆరు గంటలు గుంజుతున్నారే, మిగతాదంతా ఎవరి కోసం?"

"ఢిల్లీ వెళ్ళేవాళ్ళ కోసం" అన్నారు మెల్లిగా.

"మరి మా లంకకే ఎందుకిచ్చారండీ గడప?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "దగ్గర దూరానికి ఎక్కువసార్లు దాటే మనుషులు కావాలన్నారు. వాళ్ళుంటేనే లెక్క సరిపోతుంది. ఎక్కడున్నారని అడిగారు. నేనే మీ లంక పేరు చెప్పాను."

మా నాన్న కాళ్ళు కడిగి పిల్లనిచ్చిన అల్లుడు ఈయన! చేతికి అందిన పళ్ళెం విసిరేశాను. ఆయన పక్కకి కూడా తప్పుకోలేదు.

"రేపే లంకకి రండి. అందరి ముందూ నిజం చెప్పండి. మా తులసి తప్పు చెయ్యలేదని చెప్పండి."

"చెప్పలేను. ఇంకోటుంది, విను" అన్నారు. "ఆరు గంటలకి మించి ఎవరి దగ్గరా తీసుకోకూడదని ఉత్తర్వు. దూరం వెళ్ళేవాళ్ళు పెరిగిపోయారు. మీవాళ్ళు మోసేది చాలట్లేదు. మిగిలింది గడపల్లోనే పేరుకుపోతోంది. మీవాళ్ళు దాటుతున్నంత కాలం అది ఆగి ఉంటుంది. ఒక్కసారిగా మానేశారా, ఆ తర్వాత ఎవరు ముందు కాలుపెడితే మొత్తం వాళ్ళ నెత్తిన పడుతుంది."

"మొత్తమంటే ఎంత?"

"ఏళ్ళు."

గదిలో గడప ఒక్కటే సన్నగా రొద పెడుతోంది. అన్నాళ్ళూ అది ఫ్యాను చప్పుడనుకున్నాను.

"అయితే ముందు అన్నిటికీ తాళాలు వేయించండి. తర్వాత నోరు విప్పండి" అన్నాను. "మీరు విప్పకపోతే నేను విప్పుతాను."

ఆయన ఆ రోజంతా ఫోను దగ్గరే కూర్చున్నారు. హైదరాబాదు వాళ్ళు సరేనన్నారు. విశాఖ, ఢిల్లీ వాళ్ళు గొణిగారు గానీ మూసేశారు. బొంబాయి వాళ్ళు మూసేస్తున్నాం అన్నారు. మూసేశాం అనలేదు. ఆ తేడా ఆయనా పట్టుకోలేదు, పక్కనే నిలబడ్డ నేనూ పట్టుకోలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే తులసికి నొప్పులొచ్చాయని కబురొచ్చింది.

ఆడపిల్ల. నిండు బిడ్డ, తలనిండా జుట్టు. తులసి దాన్ని చూసి నవ్వి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. చూడ్డానికి లంక నుంచి ఒక్క మనిషి రాలేదు.

మర్నాడు మేమిద్దరం చేపల నావలో లంకకి వెళ్ళాం. మా ఆయన ముందు రేవు పక్కన ఉన్న గడపకి తాళం వేశారు. "ఇటు నుంచి ఎక్కకుండా ఆపగలం. అటు నుంచి వచ్చేవాళ్ళని ఇది ఆపదు" అని నాకు మాత్రం వినబడేట్టు అన్నారు. అప్పటికే జనం బుట్టలతో మూగారు. ఆయన చెప్పింది సగం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన సగం ఎవరూ నమ్మలేదు.

"మా బాగా చెప్పేరండి!" అంది మాణిక్యమ్మ. "మరదలి పరువు కోసం మీరు ఎన్ని కతలైనా చెబుతారు. ఆయ్, గడప దాటితే నెలలు నిండిపోతాయా?"

నేను పక్కావిడ బుట్టలోంచి ఒక మొగ్గ తీశాను. "ఇది ఎప్పుడు కోశావమ్మా?"

"ఇప్పుడేనండి."

"ఎప్పుడు విచ్చుద్ది?"

"దీపాలేళకండి."

"మరి గడప దాటితే అప్పుడే ఎందుకు విచ్చుకుంటోంది? గడపకి మీ పూలంటే ముద్దనుకున్నారా? మొగ్గకి గడిచిన పొద్దు దాన్ని మోసిన మీకు గడవలేదా? మీ కడుపుల్లో ఉన్నవాళ్ళకి గడవలేదా?"

మొగ్గల భాషలో చెబితే మా లంకలో అర్థం కానివాళ్ళు లేరు. ఒకావిడ తన కొడుకుని దగ్గరకి లాక్కుని, మోకాళ్ళ పైకి పోయిన వాడి బడి లాగుని కిందికి గుంజడం మొదలుపెట్టింది. వేసవిలో కుట్టించిందట. ఇంకొకావిడ, "అందుకేనా మా మావయ్య అంత తొరగా పోయాడు" అని గొల్లుమంది. బుట్టలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మాణిక్యమ్మ ఉన్నచోటే కూలబడింది.

"రోజూ నేనే బుట్ట ఎత్తి నెత్తిన పెట్టేనమ్మా ఆ పిల్లకి" అంది. తర్వాత లేచి కొంగు దోపి కేకేసింది. "పడవ తిరగెయ్యండ్రా! నా కోడల్ని తీసుకురావాలి!"

అన్ని నెలలుగా బోర్లా పడున్న మా నాన్న పడవని నలుగురు మగాళ్ళు పట్టి నీళ్ళలోకి తోశారు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేనే నాగభూషణానికి ఫోను చేశాను. వాడి ఓడ ముందురోజే బొంబాయి రేవు చేరింది. మొగ్గల సంగతి, తులసి నెలల సంగతి చెప్పాను. వాడు భోరుమన్నాడు.

"నేను మనిషిని కాదు వదినా. దాన్ని ఎంత మాటన్నాను!"

"ఏడ్చింది చాలు గానీ రైలెక్కి రా. గడప మాత్రం తొక్కకు. ఒట్టు పెట్టు."

"ఒట్టు వదినా. రైల్లోనే వత్తాను."

మర్నాడు ఎర్రనీళ్ళ మీద పడవ మెల్లిగా లంక చేరింది. తులసి ఒళ్ళో బిడ్డ, పక్కన గొడుగు పట్టుకుని మాణిక్యమ్మ, ఎదురుగా నేను. మా ఆయన రేవులోనే నిలబడి చెయ్యి అందించారు. తులసి ఆ చెయ్యి అందుకోలేదు, నా భుజం పట్టుకుని దిగింది. దిగి నాలుగడుగులు వేశామో లేదో, గడప రొద పెట్టింది.

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అన్నీ మూసేశారే" అన్నారు.

రొద పెరిగి పెరిగి చెవులు నొప్పెట్టాయి. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. మళ్ళీ ఏ రోజూ అది మోగలేదు.

గడపలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పీచులాంటి తెల్ల గడ్డం నడుం దాకా వేలాడుతోంది. చొక్కా రంగు వెలిసి, దారాలు ఊడి, భుజాల మీంచి పీలికలుగా జారిపోతోంది. చేతిలో మిఠాయి పెట్టె అట్ట ఉంది, లోపల బూడిద తప్ప ఏమీ లేదు. ఎండ పొడకి కళ్ళు చికిలించి మమ్మల్ని ఒక్కొక్కరినీ వెతుక్కుంటున్నాడు.

మాణిక్యమ్మ గొడుగు పక్కనపెట్టి ఎదురెళ్ళింది. ముసలాయన పడిపోతాడేమోనని రెక్క పట్టుకుంది. "ఎవరు బాబూ తమరు? ఎవరింటికండీ?"

"అమ్మా" అన్నాడు ఆయన.

ఆవిడ చెయ్యి జారిపోయింది.

"రైలు రేపటి దాకా లేదన్నారు వదినా" అన్నాడు నా వైపు తిరిగి. గొంతు గాలిలా వచ్చింది. "మిగతా ఊళ్ళలో మూసేశారని నిన్నట్నుంచి ఎవరూ దాటలేదంట. గడప దగ్గర అడిగితే, మూసేయమన్న కాగితం మాకింకా రాలేదు, ఎల్లమన్నారు. తులసి అన్ని నెలలు కట్టింది కదా. నేనొక్క ఆరు గంటలు కట్టలేనా అనుకున్నాను."

మా ఆయన రేవు మట్టిలో రెండు చేతులూ ఆనించి కూర్చుండిపోయారు. మాణిక్యమ్మ కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలు గణుపు మీద పెట్టి, కొడుకు ముఖంలోకి చూసింది. చూసి చూసి లెక్క మొదలుపెట్టకుండానే చెయ్యి దింపేసింది.

తులసి ఒక్కతే కదిలింది. బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళి, ముసలాయన ఎదురుగా నిలబడి, గడ్డం పక్కకి తప్పించి కళ్ళలోకి చూసింది. ఏడవలేదు. బిడ్డ మొహం మీద కప్పిన గుడ్డ తీసింది.

"ఎత్తుకో. నీ కూతురే" అంది.

"పడేత్తానేమోనే" అన్నాడు నాగభూషణం, వణుకుతున్న తన చేతుల్ని చూసుకుంటూ.

"కింద నా చేతులు పెడతాను. ఎత్తుకో."